కణములోని దీపములు

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లో సాయంకాలమున కబడ్డీ ఆడు బాలు డొకడు కూత పెట్టుచు ఎదిరిజట్టు నేలలో ప్రవేశించును. ఇరువు రతనిని పట్టబోవుదురు. రెప్పపాటులో అతడు వంగి, ఒడుపుగా ఎగిరి, మధ్యగీతను తాకును. ఆ ఒక్క ఎగురులో అతని కాలి కండరములందు ఎన్నియో కార్యములు జరిగిపోవును. నాడి తెచ్చిన ఆజ్ఞచే కండరకణములలో కాల్షియము విడుదలగును. వెంటనే కండరము ముడుచుకొనును. అందుకు కావలసిన శక్తిని అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థ మిచ్చును. దీనినే క్లుప్తముగా ఏ.టి.పి. అందురు. ఆటలోని ఉద్వేగముచే రక్తమున చేరిన అడ్రినలిన్ కణపు పైపొరను తాకగా, లోపల ఆ ఏ.టి.పి. నుండియే చక్రీయ ఏ.ఎం.పి. అను చిన్న అణువు పుట్టును. నిలువయున్న గ్లైకోజెనును కరగించి శక్తికి వినియోగింపుమను వార్తను అది కణమునకు అందించును. ఇట్టి వార్తాహరులకు సంకేతాణువులని పేరు.

ఇవి సామాన్య సూక్ష్మదర్శినిలోనైనను కనబడవు. వీనికి రంగు లేదు. మరి మానవుడు వీని జాడ నెట్లు తెలిసికొనెను? రంగులేని వస్తువుచే రంగు పుట్టించియే తెలిసికొనెను. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయము తెలుగువానిది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. చిన్ననాటనే పేదరికమును, తరువాత ఇరువురు సోదరుల మరణమును చూచిన ఆయన మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయి, బోస్టనులోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించెను. రక్తములోని భాస్వరమును కొలుచుట వారు పూనుకొన్న పని. రక్తమునుండి తీసిన ద్రవమునకు తగిన రసాయనములను చేర్చినచో నీలివర్ణము కలుగును. భాస్వర మెంత హెచ్చైన నీలి అంత చిక్కనగును. 1925లో వారు ప్రకటించిన ఈ విధానము ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేర ప్రసిద్ధి కెక్కినది.

ఆ పద్ధతినే కండరములకు ప్రయోగింపగా ఒక వింత కానవచ్చెను. రంగు వెంటనే రాక, మెల్లమెల్లగా చిక్కబడెను. పరీక్షలో ఏదో పొరపాటు దొరలినదని వారు దానిని త్రోసివేయలేదు. ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. ఆమ్లములో త్వరగా విడిపోవు ఒక భాస్వర పదార్థము కండరములో ఉన్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము ఏ.టి.పి.ని ఖర్చుచేయగా, దానిని క్షణములలో తిరిగి సమకూర్చునది అదియే. దానిని 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వారు లోకమునకు వెల్లడించిరి. ఆ 1929లోనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఏ.టి.పి.ని కనుగొనెను.

అయినను ఆ పద్ధతికి ఒక లోటు కలదు. కండరమును కోసి, నలిపి, ఆమ్లములో వేసిన పిమ్మటనే నీలివర్ణము కలుగును. అప్పటికి కణము జీవించి యుండదు. గడియారమును రోట దంచినచో అందు ఇత్తడి ఎంత, ఇనుము ఎంత అని తూచి చెప్పవచ్చును. కాని ముల్లు ఎట్లు తిరిగెనో ఆ పొడి చెప్పజాలదు. అదియును గాక, లక్షల కణములను కలిపి నలుపుటచే సగటు మాత్రము తెలియునుగాని, ఒక్కొక్క కణము నడవడి తెలియదు. కణమును చంపకయే దానిలోని మార్పులను చూచుట ఎట్లు?

సమాధానము సముద్రమునుండి వచ్చెను. 1961లో ఒసాము షిమొమురా అను జపాను శాస్త్రజ్ఞుడు అమెరికా పడమటి తీరమున ఫ్రైడే హార్బరు అనుచోట వేలకొలది జెల్లీచేపలను సేకరించి, అవి వెలుగుటకు కారణము నారసెను. వానిలో రెండు ప్రోటీనులు కలవు. మొదటిది కాల్షియము తగిలినపుడు నీలికాంతి నిచ్చును. రెండవది ఆ నీలికాంతిని గ్రహించి ఆకుపచ్చని కాంతిగా వెలిగించును. ఈ విధముగా ఒక కాంతిని గ్రహించి వేరొక రంగు కాంతి నిచ్చుటను ప్రతిదీప్తి యందురు. ఈ ఆకుపచ్చని ప్రోటీను 238 అమైనో ఆమ్లముల గొలుసు. దానిని నిర్మించు జన్యువును 1992లో డగ్లస్ ప్రాషర్ వేరుపరచి ప్రకటించెను. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును సన్నని నులిపురుగులో ప్రవేశపెట్టగా, దాని నాడీకణములు కొన్ని ప్రాణముతోనే పచ్చగా వెలిగెను. ఇక కణము తన దీపమును తానే చేసికొనగలదు.

దీపము వెలిగిన చాలదు. వార్త వచ్చినపుడు అది మారవలెను. రోజర్ త్సియెన్, ఆయన సహచరులు 1997లో ఇందుకు ఉపాయము పన్నిరి. నీలిప్రోటీను నొకదానిని, ఆకుపచ్చని ప్రోటీను నొకదానిని తీసికొని, కాల్షియమును పట్టుకొను భాగముతో వానిని జతచేసిరి. కాల్షియము చేరగానే ఆ భాగము ముడుచుకొని, రెండు దీపములు దగ్గరగును. అపుడు మొదటిదాని శక్తి రెండవదానికి పోయి, నీలి తగ్గి పచ్చదనము పెరుగును. ఊసరవెల్లివలె రంగు మార్చు ఈ ప్రోటీనుకు ఆ జంతువు పేరు తలపించునట్లు ‘కామీలియన్’ అని పేరిడిరి. షిమొమురా, చాల్ఫీ, త్సియెన్ మువ్వురకును 2008లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

సుబ్బారావు పనిచేసిన హార్వర్డు వైద్యకళాశాలలోనే, ఎనుబది ఏండ్ల పిమ్మట, 2009లో గేరీ యెలెన్ బృందము ‘పెర్సివల్’ అను ప్రోటీనును నిర్మించెను. అందలి ఒక భాగము సూక్ష్మజీవినుండి గ్రహింపబడినది, ఏ.టి.పి.ని పట్టుకొన్నపుడు దాని ఆకృతి మారి, దానితోడనే వెలుగును మారును. ఏ.టి.పి. ఖర్చైన పిమ్మట మిగులు ఏ.డి.పి. అదేచోట చేరినచో అట్టి మార్పు కలుగదు. కావున సజీవకణములో ఆ రెంటి నిష్పత్తి ఎట్లు మారుచున్నదో దాని వెలుగును చూచి గ్రహింపవచ్చును.

అయినను, కనబడిన రంగునెల్ల వెంటనే నమ్మరాదు. కణములో ఆమ్లగుణము మారినను పెర్సివల్ వెలుగు మారును. అందుచే శాస్త్రజ్ఞులు ఆమ్లగుణమును గూడ కొలిచి, ఆ దోషమును సవరించిన పిదపనే నిర్ణయమునకు వత్తురు. కావలసినదానికంటె ఎక్కువగా చేర్చిన ప్రోటీను తానే సంకేతాణువులను పట్టియుంచి, కణపు నడవడిని మార్చవచ్చును గనుక, దాని పాళ్ళయందును జాగ్రత్త వహింతురు.

సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించెను. సజీవకణములో ఏ.టి.పి. వార్తను వెలుగుగా చూచు భాగ్య మాయనకు కలుగలేదు. పరికరములు మారినవి, నీలిద్రవమునకు తోడుగా నేడు పచ్చని వెలుగు వచ్చినది. కాని ఆలసించి వచ్చిన రంగును చూచి ‘ఏల ఆలసించెను?’ అని ఆయన వేసిన ప్రశ్న పాతబడలేదు. అనుకొన్నట్లు రాని ఫలితమును దాచక, దాని కారణమును వెదకువానికే ప్రకృతి తన రహస్యమును తెలుపును.