యుద్ధ అవశేషాల సంరక్షణ: కెమిస్ట్రీ పట్టభద్రులకు ఒక దారి

యుద్ధానంతరం నేలలోనో, సముద్రగర్భంలోనో మిగిలిపోయిన ఆయుధాలను, వాహనాలను, సైనికుల వస్తువులను మరింత శిథిలం కాకుండా శాస్త్రీయంగా నిలిపే వృత్తిని కన్జర్వేషన్ అంటారు. వస్తువులను ఎంపికచేసి వాటి చరిత్రను ప్రదర్శనగా మలచేవారు క్యూరేటర్లు కాగా, వాటి ఇనుమును, కలపను, తోలును కాపాడేవారు కన్జర్వేటర్లు. చరిత్రపై మక్కువతో ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థులు చాలామంది ఈ తేడాను గమనించరు.

అమెరికా అంతర్యుద్ధంలో 1864 ఫిబ్రవరి 17న చార్లెస్టన్ రేవు వెలుపల హౌసటానిక్ అనే యుద్ధనౌకను ముంచి, ఆ తర్వాత తానూ మునిగిపోయిన హన్లీ జలాంతర్గామిని 2000 ఆగస్టు 8న వెలికితీసిన వెంటనే మళ్లీ నీటి తొట్టిలోనే ఉంచారు. సముద్రంలో ఉన్న 136 ఏళ్లలో ఇనుము పొరల్లోకి ఇంకిన క్లోరైడ్ లవణాలు గాలి తగలగానే తుప్పును వేగవంతం చేసి లోహాన్ని పెచ్చులుగా రాల్చివేస్తాయి కనుక, 2014లో ఆ నౌకను సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన క్షార ద్రావణంలోకి మార్చి, ఏళ్ల తరబడి ఆ ఉప్పును బయటికి రప్పిస్తూ, పైన గట్టిపడిన ఇసుక, గవ్వల పెంకును చేతి పనిముట్లతో ఒలుస్తూ వచ్చారు. నౌకలో దొరికిన ఎనిమిదిమంది సిబ్బంది అవశేషాలను పరిశీలన ముగిశాక, 2004 ఏప్రిల్ 17న, ఖననం చేశారు. కమాండర్ జేబులో ఉండేదని చెప్పుకున్న వంగిన బంగారు నాణెం నిజంగానే లోపల దొరికింది. అటువంటి రోజు ఉద్యోగజీవితంలో ఒక్కటి దక్కినా అదృష్టమే, మిగిలిన రోజులన్నీ ద్రావణంలో క్లోరైడ్ ఎంత ఉందో కొలవడంలోనే గడుస్తాయి.

అందుచేత ఈ వృత్తికి చరిత్ర పట్టా కన్నా రసాయనశాస్త్ర పట్టా దగ్గరి దారి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్‌పై పీజీ స్థాయి చదువు చెబుతుండగా, 1976లో ఏర్పడిన లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనాలయం పరిశోధనతోపాటు శిక్షణనూ ఇస్తోంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ విజ్ఞానశాఖ, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ప్రయోగశాల ఈ పని జరిగే చోట్లు. ఉద్యోగాలు తక్కువ కనుక ప్రకటనల కోసం ఓపికగా కనిపెట్టుకోవాలి.

కాపాడవలసిన యుద్ధ అవశేషాలు మన దగ్గరా ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్‌పై వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. అటువంటి వస్తువును సైనిక నిపుణులు నిర్వీర్యం చేసేదాకా ఏ కన్జర్వేటరూ ముట్టుకోకూడదన్నది ఈ చదువులో మొదటి పాఠం. తీరపు గాలిలోని తేమ, ఉప్పు ఇనుమును ఏం చేస్తాయన్నది రెండో పాఠం.