చివరి రోజులలో తోడు: హాస్పైస్‌కు మన ఊరు ఇవ్వగల సహాయం

“ఇక మేము చేయగలిగిన చికిత్స లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి.” వైద్యుని నోటి నుండి ఈ మాట విన్న కుటుంబానికి కాళ్ళ కింద భూమి కదిలిపోయినట్లు ఉంటుంది. ఇంటికి చేరిన తరువాత అసలు కష్టం మొదలవుతుంది. అర్ధరాత్రి నొప్పి వస్తే ఎవరిని పిలవాలి? పుండుకు కట్టు ఎవరు కట్టాలి? రోగి దగ్గర కూర్చుంటే కూలి పోతుంది, కూలికి వెళితే రోగి ఒంటరి అవుతాడు. ఏమి చేయాలి?

మీ ఇంట్లో ఇప్పుడు ఇటువంటి పరిస్థితి ఉంటే ఈ పాఠం మీ కోసమే. జబ్బును నయం చేసే మందు లేకపోవచ్చు. కాని నొప్పిని తగ్గించే మందు ఉంది, పుండును శుభ్రంగా ఉంచే పద్ధతి ఉంది, ధైర్యం చెప్పే మనిషి ఉండగలడు. కనుక “చేయగలిగింది ఏమీ లేదు” అనే మాట నిజం కాదు.

హాస్పైస్ అంటే ఏమిటి?

నయం కాని జబ్బుతో ఉన్నవారికి బాధ తగ్గించి, మిగిలిన రోజులు గౌరవంగా గడిచేటట్లు చూసే సేవను హాస్పైస్ సేవ అంటారు. దీనికి ఆధారమైన వైద్యమే ఉపశమన చికిత్స, అనగా పాలియేటివ్ కేర్. నర్సుగాను, సోషల్ వర్కర్‌గాను పనిచేసి ఆ తరువాత వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించారు. ఆధునిక హాస్పైస్ సేవకు అదే నాంది. మన దేశంలో మొదటి హాస్పైస్ 1986లో ముంబయిలో ప్రారంభమైన శాంతి అవేదన సదన్.

హాస్పైస్ అంటే భవనం మాత్రమే అనుకోవద్దు. నర్సు మీ ఇంటికి వచ్చి కట్టు మార్చి, మందులు సరిచూసి, మీకు నేర్పి వెళ్ళడం కూడా హాస్పైస్ సేవే.

రెండు భయాలు

మొదటిది: “హాస్పైస్‌లో చేర్పిస్తే మనిషిని వదిలేశారని బంధువులు అంటారు.” నొప్పితో మూలుగుతున్న మనిషిని మందు లేకుండా ఇంట్లో ఉంచడం ప్రేమ కాదు. సహాయం కోరడం వదిలేయడం కాదు. చాలామంది కొన్ని రోజులు అక్కడ ఉండి, నొప్పి అదుపులోకి వచ్చాక తిరిగి ఇంటికి వస్తారు.

రెండవది: “మార్ఫిన్ ఇస్తే దానికి బానిస అవుతారు.” తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో ఇచ్చినప్పుడు అలా జరగడం అరుదు. మామూలు మార్ఫిన్ మాత్రను సాధారణంగా నాలుగు గంటలకొకసారి ఇస్తారు. నొప్పి తిరిగి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. దీనివలన మలబద్ధకం వస్తుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా వ్రాస్తారు, దానిని మానవద్దు. రోగి లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, శ్వాస బాగా నెమ్మదించినా వెంటనే వైద్యునికి గాని నర్సుకు గాని తెలియజేయండి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఈ మందును పొందే పద్ధతిని ప్రభుత్వం సులభం చేసింది.

కేరళ నేర్పిన పాఠం

1993లో కోళికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మరికొందరు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని స్థాపించారు. కొద్దికాలానికే వారికి ఒక సంగతి అర్థమైంది. రోగి బాధలో వైద్యుడు తీర్చగలిగినది కొంతే. ఇంట్లో బియ్యం లేకపోవడం, పిల్లలు బడి మానడం, పలకరించే మనిషి లేకపోవడం కూడా బాధలే. వీటికి మాత్రలు లేవు, ఇరుగుపొరుగే మందు.

అందుచేత మలప్పురం మొదలైన జిల్లాలలో ఊరివారే ముందుకు వచ్చారు. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగల వారికి శిక్షణ ఇచ్చారు. చిన్న చిన్న చందాలతోనే నర్సు జీతం, వాహనం, మందులు సమకూర్చుకున్నారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలకు అందులో భాగమిచ్చింది. ధనవంతులు కట్టించిన పెద్ద భవనంతో కాక సామాన్యుల రెండు గంటలతో ఇది నిలబడిందని గమనించండి.

మన దగ్గర కూడా ఈ సేవ ఉన్నది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. అదే నగరంలో రోటరీ క్లబ్ వారు ప్రారంభించిన స్పర్శ్ హాస్పైస్ 2011 నుండి ఉచితంగా సేవ చేస్తోంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రులలో కూడా ఇటువంటి కేంద్రాలు తెరిచారు. మీకు దగ్గరలో ఏది ఉందో ఆసుపత్రి నుండి ఇంటికి బయలుదేరక ముందే అడిగి తెలుసుకోండి.

ఇరుగుపొరుగు చేయగల పనులు

1. వారానికి ఒక పూట రోగి దగ్గర కూర్చోండి. ఆ రెండు గంటలు ఆ ఇంటి ఇల్లాలు నిద్రపోగలదు.
2. ఒక పూట అన్నం, కూర వండి పంపండి. రోగికి మెత్తగా, జావగా ఏమి కావాలో ముందు అడగండి.
3. రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడంలో చేయి వేయండి. ఒకే వైపు పడుకుంటే వీపున, తుంటిన పుండ్లు పడతాయి.
4. మందులు తెచ్చిపెట్టండి, పిల్లలను బడికి దింపండి, పింఛను కాగితాల పనికి తోడు వెళ్ళండి.
5. రోగి ముందు “అయ్యో, ఎలా అయిపోయావు!” అనవద్దు. ఎవరో చెప్పిన పసరు మందు పేరుతో అప్పు చేయించవద్దు. మాట్లాడటానికి ఏమీ తోచకపోతే చేయి పట్టుకొని కూర్చోండి, అది చాలు.
6. ఆ ఇంట్లో చూసినది, విన్నది వీధిలో చెప్పవద్దు.

హాస్పైస్‌కు ఏమి ఇవ్వవచ్చు?

డబ్బు ఒక్కటే కాదు. ఉతికిన పాత నూలు చీరలు, దుప్పట్లు, బియ్యం, పప్పు, పెద్దవారి డైపర్లు ప్రతి రోజూ అవసరమే. ఏమి కావాలో ముందుగా ఫోను చేసి అడగండి. మీ ఇంట్లో వాడకం అయిపోయిన గాలి పరుపు, వీల్‌చైర్, వాకర్ అటక మీద పెట్టవద్దు. శుభ్రం చేసి ఇస్తే రేపే మరొకరికి పనికి వస్తాయి. అయితే మిగిలిన మార్ఫిన్ మాత్రలను పొరుగువారికి ఎన్నడూ ఇవ్వవద్దు, కేంద్రానికే తిరిగి అప్పగించండి. ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా తప్పకుండా వచ్చే వంద రూపాయలు నర్సు జీతానికి ఎక్కువ భరోసా. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోండి. రసీదు అడగడం అనుమానం కాదు, సంస్థకు మేలే.

ఒక మాట, మీతోనే

సహాయం చేయడం కంటే అడగడం కష్టం. “మా కష్టం మాతోనే” అని తలుపు మూసుకోకండి. పొరుగువారికి ఏమి చేయాలో తెలియక దూరంగా ఉంటారు. “మంగళవారం సాయంత్రం రెండు గంటలు నాన్న దగ్గర కూర్చుంటారా?” అని స్పష్టంగా అడిగితే చాలామంది కాదనరు. రేపు మీ ఇంటి కష్టం గడిచిన తరువాత, మీ చేతికి వచ్చిన నేర్పు మరొక ఇంటికి అవసరమవుతుంది. పుండు కడగడం, మాత్ర వేళకు ఇవ్వడం, నిద్ర లేని రాత్రి ఎలా ఉంటుందో తెలియడం, ఇవన్నీ మీకు వచ్చు. ఏడుపు కొంచెం తీరాక, మీకు శక్తి వచ్చినప్పుడు, ఆ తలుపు తట్టండి.

ఇంటిలో కూర్చొని ఆలోచించండి

1. మా ఇంటిలో రోగిని చూసుకుంటున్న వ్యక్తి రాత్రి పూర్తిగా నిద్రపోయి ఎన్ని రోజులైంది?
2. ఈ వారం మేము ఎవరిని, ఏ పనికి, ఏ రోజు సహాయం అడుగుతాము?
3. మా దగ్గరలోని ఉపశమన చికిత్స కేంద్రం ఫోను నంబరు గోడ మీద వ్రాసి ఉన్నదా?
4. మా వీధిలో ఇటువంటి కష్టంలో మరొక ఇల్లు ఉన్నదా?