ఫ్రెంచ్ సరే, ఇంట్లో తెలుగు ఏదమ్మా?

ప్రశ్న: పాపకు నాలుగేళ్లు. షికాగోలోని ఫ్రెంచ్ స్కూల్లో వేద్దామని మావారు, ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలు చాలని నేను. మూడు భాషలైతే పిల్ల తికమకపడుతుందని తెలిసినవాళ్లు అనడంతో ఇప్పటినుంచే ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషు మాట్లాడుతున్నాం. మంచిదేనా?
– ఒక తల్లి, షామ్‌బర్గ్

జవాబు: కాదమ్మా. ముందు ఆ పని మానండి, స్కూలు సంగతి తర్వాత. ఇదే మాట రాసేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ఒకే వాక్యంలో అన్నీ కలిపేస్తారు. అది జబ్బు కాదు, కొన్నాళ్లకు వాటంతటవే విడిపోతాయి. మాట రావడమే ఆలస్యమైతే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి గానీ తెలుగు ఆపేస్తే నయం కాదు. మన యానాంనే చూడండి, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. కచేరీలో ఫ్రెంచ్ నడిచినా ఇళ్లలో తెలుగే మాట్లాడుకున్నారు. మీరేమో ఫ్రెంచ్ ఇంకా మొదలే కాకముందే తెలుగు తగ్గించేశారు. రేపు అమ్మమ్మ ఫోన్ చేస్తే పాప ఏ భాషలో పలుకుతుంది?

ఇక స్కూలు. షికాగోలోని ఫ్రెంచ్ స్కూలు లిసే ఫ్రాన్సే ద షికాగో 1995లో మొదలైంది, ఇప్పుడు రేవెన్స్‌వుడ్‌లో ఉంది. పాఠాలు ఫ్రాన్స్ విద్యాశాఖ పెట్టిన క్రమంలోనే సాగుతాయి. ఇలాంటి బడులు వందకు పైగా దేశాల్లో ఉన్నాయి. వాటిని కలిపి చూసుకోవడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం 1990లో ఏఈఎఫ్ఈ అనే సంస్థను పెట్టింది. మూడేళ్లకోసారి దేశం మారే ఉద్యోగులకు ఈ ఏర్పాటు గొప్ప వరం, ఒక దేశంలో ఆపిన పాఠం ఇంకో దేశంలో అందుకోవచ్చు. మీకు అలాంటి బదిలీలున్నట్టు రాయలేదు. లేకపోతే ప్రైవేటు ఫీజు కట్టి, పసిపిల్లను రోజూ రెండు పూటలా కెనడీ ఎక్స్‌ప్రెస్‌వే ట్రాఫిక్‌లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. అలసిపోయి ఇంటికొచ్చిన పిల్లతో తెలుగులో కబుర్లు చెప్పే ఓపిక ఎవరికి మిగులుతుంది?

మీ ఊళ్లోనే పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ 54 ట్యూషన్ ఫీజు లేకుండా స్పానిష్, జపనీస్, చైనీస్ ద్విభాషా తరగతులు నడుపుతోంది. జపనీస్ డూలీ స్కూల్లో ఉంది. చిన్న క్లాసులోనే చేరాలి కనుక దరఖాస్తు గడువు ఇప్పుడే కనుక్కోండి, మీవారిని వెంటబెట్టుకెళ్లి ఒకసారి చూసి రండి. ఎన్ని భాషలైనా నేర్పించండి, తెలుగును తీసేసి ఆ చోట ఇంకోటి పెట్టకండి.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్లో ఫ్రెంచ్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఫ్రెంచ్ మీడియం బడికి మార్చవచ్చా?
– ఒక తండ్రి, హాఫ్‌మన్ ఎస్టేట్స్

జవాబు: వద్దు. లెక్కలూ చరిత్రా ఫ్రెంచ్‌లో వినే పాటి భాష వాడికింకా రాలేదు. ఉన్నచోటే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫ్రెంచ్ దాకా చదవనివ్వండి.

ప్రశ్న: హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉంది. అక్కడ ఫ్రెంచ్ చదువు కొనసాగుతుందా?
– ఒక పాఠకురాలు, షామ్‌బర్గ్

జవాబు: మన దేశంలో ఫ్రాన్స్ పాఠక్రమం నడిపే బడులున్న ఊళ్లు ఢిల్లీ, ముంబై, పుదుచ్చేరి లాంటివి కొన్నే. పుదుచ్చేరిది 1826 నాటిది. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో భాష నేర్చుకోవచ్చు, మిగతా చదువుకు వేరే బడి చూసుకోండి.

ప్రశ్న: పిల్లల్ని తెలుగు నేర్పే మనబడికి తీసుకెళ్తున్నాం. కాలేజీకి ఈ తెలుగు పనికొస్తుందా?
– ఒక తండ్రి, షామ్‌బర్గ్

జవాబు: వస్తుంది. ఇల్లినాయ్ 2013లో స్టేట్ సీల్ ఆఫ్ బైలిటరసీ చట్టం చేసింది. ఇంగ్లీషుతోపాటు మరో భాషలో చదవడం, రాయడం వచ్చని పరీక్షలో నిరూపిస్తే డిప్లొమా మీద ముద్ర వేస్తారు, దాన్ని కాలేజీ దరఖాస్తులో చూపించుకోవచ్చు. భాషా పరీక్షలు పెట్టే అవాంట్ సంస్థ జాబితాలో తెలుగు కూడా ఉంది. మీ హైస్కూల్ కౌన్సెలర్‌ని ఈ వారమే అడగండి. అడిగేవాళ్లు లేకపోతే బడి మనకోసం పరీక్ష పెట్టదు.