విమానం చివరి గడిలో రాయి

బిడ్డా,

"బీవర్ విమానం బుక్ చేయాలా, ఆటర్ బుక్ చేయాలా మామా?" అని అడిగావు. ఆ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పను. తాండూరు నాపరాళ్ల పార్టీ అలాస్కా క్రూజ్ కోసం నువ్వు తయారుచేసిన పట్టిక పైగడిలో సీ ప్లేన్ పేరుంది, దాని కింద ధర, దాని కింద కెచికాన్ రేవు. ఓడ ఎన్ని గంటలకు కదులుతుందో మాత్రం అట్టడుగున, కళ్లద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పట్టికను తలకిందులు చెయ్. ఓడ కదిలే గంట పైన రాయి, తర్వాత నెల, తర్వాత రేవు. విమానం చివరి గడి. అలాస్కాలో గుడ్డెలుగు కనిపిస్తుందా లేదా అన్నది ఈ ప్రయాణంలో పెద్ద అనుమానం కాదు. సరైన నెలలో సరైన వాగు ఒడ్డున నిలబడితే దాదాపుగా కనిపిస్తుంది. అనుమానమంతా మబ్బు మీదా, గడియారం మీదా. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూడటానికే పార్టీ మనకు డబ్బులిస్తుంది. టికెట్లు కొనడానికైతే వాళ్ల అబ్బాయికి ఫోను చాలు.

ముందు నెల సంగతి. మన అమ్రాబాద్ అడవిలో తిరిగే గుడ్డెలుగు చెదపుట్ట తవ్వుకుంటుంది, ఇప్పపూలు ఏరుకుంటుంది, తేనెపట్టు లాగుతుంది. ఆ తిండి అడవంతా చెదిరి ఉంటుంది కాబట్టి అదీ ఒంటరిగా, పొద్దుగూకాకే తిరుగుతుంది. ఒకచోట నిలబడి పది ఎలుగుల్ని చూడటం ఇక్కడ కుదరదు. హంపి దగ్గర 1994లో ఏర్పడ్డ దరోజి అభయారణ్యంలో సాయంత్రం పూట గుట్ట మీద కనిపిస్తున్నాయంటే, అటవీ సిబ్బంది బండల మీద తీపి మేత పూసి రప్పిస్తున్నారు కాబట్టే. అలాస్కాలో ఎలుగుకు మనిషి మేత పెట్టడం నేరం. అక్కడ వాటిని పోగుచేసేది సాల్మన్ చేప. సముద్రంలో పెరిగిన సాల్మన్ గుడ్లు పెట్టడానికి పుట్టిన వాగుకే ఎదురీది వస్తుంది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. చేప వాగెక్కే ఆ కొద్ది వారాల్లో, మామూలుగా ఒకదాని పొడ ఒకదానికి గిట్టని ఎలుగులు ఒకే ఒడ్డున సర్దుకుంటాయి. ఓడలు తిరిగే ఆగ్నేయ అలాస్కాలో అది జూలై నడిమి నుంచి ఆగస్టు చివరిదాకా. నువ్వేమో మే మూడో వారం పెట్టావు. ఎందుకు పెట్టావో తెలుసు. టికెట్ చౌక, పైగా ఎండలు తప్పించుకోవడానికి మనవైపు అమ్మానాన్నలు ఏప్రిల్‌లోనే సియాటిల్ చేరతారు. మేలో ఎలుగులు నిద్రలేచే ఉంటాయి, తీరంలో గడ్డి మేస్తూ ఒకటీ అరా కనిపిస్తాయి కూడా. కానీ పార్టీ ఫొటో చూసి అడుగుతున్నది గడ్డి మేసే ఎలుగును కాదు. ఆ ఫొటో విషయం కూడా చెప్పాలి. జలపాతం అంచున నిలబడ్డ ఎలుగు నోట్లోకి చేప ఎగిరిపడే బొమ్మను కొటేషన్ మొదటి పేజీలో అతికించావు. అది కాట్మై నేషనల్ పార్కులోని బ్రూక్స్ జలపాతం. నీ ఓడ ఆగే రేవులకు వందల మైళ్ల దూరం. తీసెయ్ దాన్ని. అంగట్లో శాంపిల్ ఒకటి చూపించి లారీలో ఇంకో రాయి ఎక్కిస్తే ఏమవుతుందో ఆ పార్టీకి నీకంటే బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. ఓడ ఉదయం 7 గంటలకు కెచికాన్ చేరి మధ్యాహ్నం 1 గంటకు కదులుతుందనుకో. కాగితం మీద ఆరు గంటలు. అందరూ ఎక్కి ఉండాల్సిన గడువు కనీసం అరగంట ముందు. దిగడానికి వరుస, సీ ప్లేన్ ఆగే చోటికి వ్యాను, బరువులు చూసి సీట్లు కేటాయించడం, జాగ్రత్తలు చెప్పడం, మళ్లీ ఇవే వెనక్కి. అన్నీ తీసేస్తే నీ చేతిలో మిగిలేది రానూపోనూ ఎగరడానికీ, ఎలుగుల దగ్గర ఓ గంట నిలబడటానికీ సరిపడా కాలం, అదీ ఆకాశం తేటగా ఉంటే. కెచికాన్‌లో ఏడాదికి సుమారు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మన వికారాబాద్ జిల్లాకు నాలుగు రెట్ల పైమాటే. ఈ చిన్న విమానాల పైలట్ కొండనూ, నీటినీ, మబ్బునూ కళ్లతో చూస్తూ నడుపుతాడు. పెద్ద విమానం లాగా మబ్బును చీల్చుకుపోయి పైన తేలడం ఈ విహారాల పద్ధతి కాదు. మబ్బు కిందికి దిగితే అతనికి మంచి దారులు రెండే, ఆగడం లేదా చుట్టూ తిరిగి రావడం. రెండింటికీ కావాల్సింది కాలం. నీ పట్టికలో ఆ కాలం లేదు.

కాలం లేనప్పుడు ఏం జరగొచ్చో చెప్పడానికి నా ఊహ అక్కర్లేదు, రికార్డు ఉంది. 2015 జూన్ 25న కెచికాన్‌కు తిరిగొస్తున్న ఒక ఆటర్ విమానం ఎల్లా సరస్సు దగ్గర కొండను ఢీకొంది. పైలట్, ఎనిమిది మంది క్రూజ్ ప్రయాణికులు, తొమ్మిది మందీ పోయారు. అది ఎలుగుల కోసం వెళ్లిన విమానం కాదు, మిస్టీ ఫియోర్డ్స్ లోయలు చూపించడానికి వెళ్లింది. కానీ రేవు అదే, విమానం రకం అదే, ఓడ గడియారమూ అలాంటిదే. తిరిగి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి కొండల మీదుగా పొట్టి దారి, ఇంకొకటి ఎక్కువ భాగం సముద్రపు పాయల మీదుగా పొడుగు దారి, వాతావరణం బాగాలేనప్పుడు పైలట్లు ఇష్టపడేది. తేడా కొద్ది నిమిషాలే. ఆ రోజు పైలట్ పొట్టి దారి పట్టాడు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి విచారణ చేసి, మబ్బు కమ్మిన చోటికి చూపు మీదే ఆధారపడి ముందుకు పోవడం ప్రమాదానికి కారణమని తేల్చింది. ఆ నిర్ణయం వెనక సమయానికి చేరాలన్న ఒత్తిడి, పాత పైలట్లను చూసి అలాగే చేయాలనుకోవడం, చెడు వాతావరణంలో ఎగరడాన్ని సహించే కంపెనీ అలవాటు ఉన్నాయని రాసింది. ఇందులో మొదటి మాట దగ్గర ఆగు బిడ్డా. మిగతా రెండూ మన చేతిలో లేవు. ఏ రేవులో, ఏ గంటకు, ఎంత ఖాళీతో విమానం ఎక్కించాలన్నది మాత్రం పూర్తిగా ప్లాన్ వేసేవాళ్ల చేతిలోనే ఉంది. బిగుతు పట్టిక రాసిన మనిషి కాక్‌పిట్‌లో కనపడడు. కానీ అతని తొందర అక్కడికి చేరుతుంది.

నువ్వేం అంటావో తెలుసు. ఓడ కంపెనీయే అమ్మే టూర్ కొంటే, ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు వాళ్లే చేరుస్తారు కదా అంటావు. నిజమే. బయటివాళ్ల దగ్గర కొంటే ఆ హామీ ఉండదు, అది చిన్న తేడా కాదు. అయితే ఆ హామీ దేనికి మందో చూడు. ఓడ తప్పిపోతుందన్న ప్రయాణికుడి భయానికి మందు. పైలట్ మీద ఉన్న ఒత్తిడికి కాదు. వేలమంది ఎక్కిన ఓడను ఆపించిన విమానం అనిపించుకోవడం ఏ చిన్న కంపెనీకీ ఇష్టముండదు. పైగా ఆ విమానం తర్వాతి ట్రిప్పుకు ఇంకో ఓడవాళ్లు ఎదురుచూస్తుంటారు. 2015 నాటి ఆ విహారమూ ఓడ కంపెనీ ద్వారా అమ్మిందే. కాబట్టి ఓడవాళ్ల టూర్ తీసుకో, తప్పులేదు. తీసుకున్నాను కదా అని ఖాళీ గంటలను కోసెయ్యకు.

ఇంకో అభ్యంతరం పార్టీ నుంచే వస్తుంది. ఇన్ని ప్రమాదాలు చెప్పి మళ్లీ ఎక్కమంటావేంటి అని. ఇక్కడ లెక్క నిజాయితీగా ఉండాలి. 2019 మే 13న అదే కెచికాన్ దగ్గర రెండు సీ ప్లేన్లు గాల్లో ఢీకొని ఆరుగురు చనిపోయారు. ఆ ప్రమాదాన్ని నా వాదానికి వాడుకోను. ఆ రోజు మబ్బు అడ్డం రాలేదు, ఒకరి విమానం ఒకరికి సమయానికి కనపడకపోవడమే సమస్య. 2021 ఆగస్టు 5న మిస్టీ ఫియోర్డ్స్‌లో బీవర్ కూలి ఆరుగురు పోయింది మాత్రం మళ్లీ మబ్బు కథే. అంటే పట్టిక సడలించినంత మాత్రాన ముప్పంతా పోదు. ఒక రకం ముప్పు తగ్గుతుంది, అది మన చేతిలోది. రోడ్లు లేని ఆ ప్రాంతంలో చిన్న విమానం మన బస్సులాంటిది. ప్రతి వేసవిలో ఎంతోమంది క్షేమంగా పోయొస్తున్నారు. నేను వద్దంటున్నది విమానాన్ని కాదు. ఈ రోజు కాకపోతే మళ్లీ లేదు అన్న పరిస్థితిలో ఎక్కించడాన్ని. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీ ప్లేన్ వెళ్లడం టీవీలో చూశాంలే అని పార్టీ పెద్దాయన అన్నాడన్నావు. ఆ రోజు ఎగిరింది రెండు ఇంజన్ల ట్విన్ ఆటర్. బీవర్‌కూ ఆటర్‌కూ ఒక్కో ఇంజనే. బీవర్ అయితే 1947లో మొదటిసారి ఎగిరిన మోడల్. పాతదని భయపడాల్సిన పనిలేదు, బాగా చూసుకుంటే గట్టి బండే. కానీ కృష్ణ నీళ్ల మీద చూసిన ధీమాను అలాస్కాకు మోసుకెళ్లొద్దని ఆయనకు మెల్లగా చెప్పు.

మరి ఎక్కడ పెట్టాలి? నా ఓటు ఓడ దిగిన తర్వాతకు. సియాటిల్ నుంచి సియాటిల్‌కు తిరిగే క్రూజ్ బదులు, వాంకూవర్‌లో ఎక్కి సీవర్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగేది తీసుకుంటే ఎలాగూ యాంకరేజ్ చేరతారు. అక్కడ మూడు రాత్రులు ఉంచు. అక్కడి నుంచి చిన్న విమానాలు లేక్ క్లార్క్ పార్కు తీరానికి పోయి ఇసుక మీదే దిగుతాయి. మొదటి రోజుకు బుక్ చెయ్, మబ్బు పడితే రెండో రోజుకు జరుగుతుంది. వాళ్లు ఎగరం అన్న రోజున ఎవరి మొహమూ మాడదు. కొడుకుకు సెలవు లేదు, హోటల్ ఖర్చు ఎక్కువ అంటారు. మనిషికి వందల డాలర్లు పోసే యాత్రకు ఇంకో రెండు రాత్రుల అద్దె భారమా అని వేళ్ల మీద లెక్కేసి చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే జూనో. అక్కడ కొన్ని ఓడలు పొద్దున్నే చేరి రాత్రిదాకా ఆగుతాయి, జూలైలో తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. ఎదురుగా అడ్మిరల్టీ ద్వీపం, సుమారు 1,600 గోధుమరంగు ఎలుగుల ఇల్లు. అరగంట ఎగిరితే ప్యాక్ క్రీక్. జూలై 5 నుంచి ఆగస్టు 25 దాకా రోజుకు 24 మందికే పర్మిట్ ఇస్తారు, కాబట్టి నెలల ముందే కదలాలి. కెచికాన్ ఆరు గంటల ఆగుడు మాత్రం ఈ పనికి వద్దు.

కొటేషన్‌లో ఒక వాక్యం పెద్ద అక్షరాల్లో రాయి. వాతావరణం బాగాలేక కంపెనీ రద్దు చేస్తే డబ్బు వాపసు వస్తుంది, అలా రద్దు చేసే కంపెనీనే మేం ఎంచుకున్నాం అని. ముందే చెబితే అది భరోసా. ఆ రోజు పొద్దున చెబితే సాకు.

మిగతావి త్వరగా చెబుతాను. సియాటిల్ క్రూజ్ అయినా దాదాపు ఎప్పుడూ కెనడాలోని విక్టోరియా రేవు తాకుతుంది. విదేశీ జెండా ఓడ ఒక అమెరికా రేవు నుంచి తిరిగి అమెరికా రేవుకే చేరాలంటే బయటి దేశపు రేవు తాకక తప్పదని 1886 నాటి చట్టం. అంటే ఏ దారిన పోయినా మన పాస్‌పోర్టులకు కెనడా వీసా కావాలి, అమెరికా వీసా ఒకటే చాలదు. నీ కాగితంలో ఈ ముక్కే లేదు! వీసా లేకపోతే ఎలుగు దాకా ఎందుకు, ఓడ మెట్లే ఎక్కనివ్వరు. రేవులో దిగిన ప్రతిసారీ పాస్‌పోర్టు జేబులో ఉండాలి. జూనోకు బయటి నుంచి రోడ్డే లేదు, ఓడ పోతే విమానమో ఫెర్రీయో గతి. ఓడ గడియారం, రేవు గడియారం ఒక గంట తేడాగా ఉండొచ్చు, ఏది నమ్మాలో రాసివ్వు. విమానంవాళ్లు అడిగే ఒంటి బరువు నిజం చెప్పించు. సిగ్గుపడి పది కిలోలు తగ్గిస్తే ఆ తప్పు సీట్ల సర్దుబాటులోకి పోతుంది. సంచిలో సకినాలు, మామిడి తొక్కు పెట్టుకుని ఎలుగుల ఒడ్డుకు పోవడం కుదరదు, ప్యాక్ క్రీక్‌లో చూసే చోటికి తిండి తేనివ్వరు. సీ ప్లేన్ తేలే తొట్ల మీద అడుగేసి ఎక్కాలి, దిగేచోట నీళ్లుండొచ్చు, కాబట్టి చీర కాకుండా ప్యాంటు, రబ్బరు బూట్లు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులనీ, చిన్న విమానమంటే వణుకనీ రాశావు, అయినా ఆమె పేరు ఆరో సీటులో వేశావు. తీసెయ్. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం దాకా బస్సు పోతుంది, పక్కనే స్టీప్ క్రీక్ వాగు. వేసవి నడిమిలో అక్కడ సాకై సాల్మన్ ఎక్కుతుంది, నల్ల ఎలుగులు వస్తుంటాయి, చెక్కబాట మీద నిలబడి చూడొచ్చు. ఆమెకు తోడుగా ఎవరు ఉంటారో ఇప్పుడే అడిగి, ఆ పేరు కూడా పట్టికలో రాయి. కొత్త పట్టిక తయారయ్యాక పార్టీకి పంపేముందు నాకు పంపు, బీవరా ఆటరా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

మీ మామ