కరెంటు తీసినా మిగిలేది: కెపాసిటర్ నేర్పిన పాఠాలు

ఆత్రేయపురంలోనూ, చుట్టుపక్కల ర్యాలి, వాడపల్లి, లొల్ల ఊళ్లలోనూ ఫ్యాన్లు, గ్రైండర్లు, చేలల్లో మోటార్లు బాగుచేస్తూనే నా వయసు గడిచింది. ఇప్పుడు పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు వైండింగు గురించి శ్రద్ధగా అడుగుతారు. కెపాసిటర్‌ను మాత్రం పోతే మార్చేసే డబ్బా అనుకుంటారు. అది చాలదు. ఆ డబ్బా ఏం దాస్తుందో, దాచినదాన్ని ఎప్పుడు, ఏ దారిన వదులుతుందో తెలిసినవాడే ఈ పనిలో నిలబడతాడు. అందుకే ఈ పాఠాలు.

1. కెపాసిటర్ కరెంటు పుట్టించదు, దాస్తుంది.

రెండు లోహపు పలకలు, వాటి మధ్య కరెంటు పారనివ్వని పొర. కెపాసిటర్ అంటే ఇంతే. సరఫరా ఇవ్వగానే ఒక పలక మీద ఎలక్ట్రాన్లు పోగవుతాయి, రెండో పలక మీంచి అన్నే వెళ్లిపోతాయి. ఆ రెండు ఛార్జులూ ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి, కానీ మధ్య పొర దాటలేవు. అందుకే సరఫరా తీసేసినా ఛార్జి అక్కడే ఉంటుంది. 1746లో హాలెండులోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ అనే ప్రొఫెసరు నీళ్లు పోసిన గాజు సీసాకు ఛార్జి ఎక్కించి ప్రయోగాలు చేస్తుంటే ఒళ్లంతా అదిరేలా షాక్ కొట్టింది. లోపలి నీళ్లు ఒక పలక, సీసాను పట్టుకున్న చెయ్యి రెండో పలక, గాజు మధ్య పొర. ఇప్పటి కెపాసిటర్లన్నీ పనిచేసేది ఆ పద్ధతిలోనే.

2. ఒక్కసారైనా విప్పి చూడండి.

పాడైన ఫ్యాన్ కెపాసిటర్‌ను ఖాళీ చేసి, తెల్ల డబ్బాను కోయండి. గట్టిపడ్డ రెజిన్ మధ్యలో ఒక చుట్ట కనిపిస్తుంది. దాన్ని విప్పుతూ పోతే పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద వెండిలా మెరిసే లోహపు పూత మూరలకు మూరలు వస్తుంది. మన ఊరి ఆడవాళ్లు కుండ మీద తీసిన పూతరేకును మడతల మీద మడతలుగా చుట్టినట్టే ఉంటుంది. పొర ఎంత పల్చనైతే, చుట్ట ఎంత పొడవైతే అంత ఎక్కువ ఛార్జి పడుతుంది.

ఆ పూత మీద అక్కడక్కడ చిన్న చిన్న ఖాళీ మచ్చలు కనిపిస్తే వాటిని గమనించండి. వోల్టేజి పోటుకు పొరలో ఎక్కడైనా చిల్లి పడితే, దాని చుట్టూ ఉన్న లోహం క్షణంలో ఆవిరైపోతుంది. చిల్లి మిగతా పూత నుంచి వేరుపడుతుంది, కెపాసిటర్ బతుకుతుంది. కానీ అలా జరిగిన ప్రతిసారీ కాస్త పూత తరుగుతుంది. 2.5 మైక్రోఫారడ్‌ది కొన్నేళ్లకు 2కు, అంతకన్నా కిందకు దిగేది ఇందువల్లే. ఫ్యాను నెమ్మదించిందని వైండింగు విప్పకముందు మీటరు పెట్టి కెపాసిటర్ విలువ చూడండి.

3. నిండడానికీ, ఖాళీ కావడానికీ టైము పడుతుంది.

మొదట వేగంగా నిండుతుంది, నిండేకొద్దీ నెమ్మదిస్తుంది. దారిలోని రెసిస్టెన్సును ఓముల్లో, కెపాసిటర్ విలువను ఫారడ్లలో తీసుకుని గుణిస్తే సెకన్లు వస్తాయి. ఆ కాలంలో 63 శాతం నిండుతుంది. దానికి అయిదు రెట్ల కాలంలో దాదాపు పూర్తిగా నిండుతుంది. ఖాళీ కావడానికీ ఇదే లెక్క. ఇన్వర్టరు బోర్డు మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 320 వోల్టులతో నిండి ఉందనుకోండి. పక్కన లక్ష ఓముల రెసిస్టరు ఉంటే, ప్లగ్గు తీసిన 100 సెకన్ల తర్వాత కూడా ఇంకా 118 వోల్టుల దాకా మిగిలి ఉంటుంది. భయం లేకుండా ముట్టుకోవాలంటే ఎనిమిది నిమిషాలు దాటాలి. ఆ రెసిస్టరు కాలిపోయి ఉంటే గంట తర్వాత కూడా నమ్మకూడదు.

4. స్క్రూడ్రైవరుతో ఖాళీ చేయకండి.

రెండు టెర్మినళ్లకూ స్క్రూడ్రైవరు ఆనిస్తే, దాచిన శక్తంతా ఒక్క క్షణంలో వదిలేస్తుంది. నిప్పురవ్వ కంట్లో పడొచ్చు, కెపాసిటర్ లోపలి జాయింటూ దెబ్బతింటుంది. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన పాత ఫిలమెంటు బల్బును ఆనించండి. బల్బు ఆరాక మీటరుతో చూడండి. పెద్ద కెపాసిటర్లయితే ఖాళీ అయ్యాక కూడా మధ్య పొరలో చిక్కుకున్న ఛార్జి మెల్లగా తేలి, మళ్లీ కొంత వోల్టేజి చూపిస్తుంది. వాటి టెర్మినళ్లను ఒక వైరుతో కలిపి ఉంచి పని చేయండి.

5. మోటారు గుయ్యిమంటే వెంటనే స్విచ్చి తీయించండి.

“గ్రైండరు గుయ్యిమంటుందండీ, తిరగట్లేదండీ” అని పూతరేకుల పిండి రుబ్బుకునే ఇళ్ల నుంచి కబురొస్తుంది. సింగిల్ ఫేజు కరెంటుకు నిలబడి ఉన్న మోటారును తిప్పే శక్తి ఉండదు. స్టార్టింగు వైండింగుకు వెళ్లే కరెంటును కెపాసిటర్ కాస్త ముందుకు జరుపుతుంది. రెండు వైండింగుల కరెంట్లూ వేర్వేరు క్షణాల్లో హెచ్చుతగ్గులవడం వల్లే తిరుగుడు పుడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండి, 100 సార్లు ఖాళీ అవుతుంది. అది పోతే వైండింగు నిమిషాల్లో కాలిపోతుంది. చేత్తో తిప్పి చూడమని ఎవరికీ చెప్పకండి, వేళ్లు పోతాయి.

స్టార్టింగు కెపాసిటర్ కొద్ది సెకన్ల పనికే చేసింది. రన్నింగుది మోటారు తిరిగినంతసేపూ ఉండేది. ఒకదాని చోట ఇంకోటి పెట్టకండి. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టేజి మాత్రం అంతకన్నా తక్కువ ఉండకూడదు.

6. చేలో మోటారుకు కెపాసిటర్ దండగ కాదు.

కాలవ నీళ్లున్నా మెరక చేలకూ అరటి తోటలకూ మోటార్లే దిక్కు. మోటారు తన అయస్కాంత క్షేత్రం కోసం లైను నుంచి కొంత శక్తి తీసుకుని, మళ్లీ లైనుకే తిప్పి పంపుతుంటుంది. ఆ రాకపోకలకే ట్రాన్స్‌ఫార్మరు దాకా వైర్లు వేడెక్కుతాయి, చివరి చేలకు వోల్టేజి పడిపోతుంది. పక్కనే కెపాసిటర్ ఉంటే ఆ ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే తీరిపోతుంది. 2004లో చేలకు ఉచిత కరెంటు వచ్చాక ఐఎస్ఐ మోటారు, ఫుట్‌వాల్వుతో పాటు కెపాసిటర్ కూడా ఉండాలని నిబంధన పెట్టింది ఇందుకే. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సరిపోతుంది. ఎక్కువ పెడితే, ఆపిన మోటారు తిరుగుతున్నంతసేపూ తనే వోల్టేజి పుట్టిస్తుంది.

ఇదే కెపాసిటర్ పేరు చెప్పి, ఇంట్లో ప్లగ్గుకు పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే డబ్బాలను కొనకండి. ఇళ్లకు బిల్లు వేసేది వాడిన యూనిట్ల మీద. ఆ డబ్బా వల్ల యూనిట్లు తగ్గవు.

7. వేడి, తిరగేసిన కనెక్షను: ఎలక్ట్రోలైటిక్‌కు ఈ రెండూ శత్రువులు.

ఎలక్ట్రోలైటిక్ అంటే ఇన్వర్టరు బోర్డు మీది గుండ్రటి డబ్బా. దానికి ప్లస్సు, మైనస్సు ఉంటాయి. తిరగేస్తే లోపల గ్యాసు పుట్టి పేలుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారుగా సగానికి తగ్గుతుంది. మన డెల్టా ఎండల్లో గాలి ఆడని మూలలో ఇన్వర్టరు పెట్టొద్దని ఇంటివాళ్లకు చెప్పడం మన పనే. కెపాసిటర్ డబ్బా పైభాగం ఉబ్బితే ఇంకా పనిచేస్తున్నా మార్చేయండి.

ఇవన్నీ ఒకరోజులో రావు. ఈ వరస మాత్రం ఇవాళే నేర్చుకోవచ్చు: ప్లగ్గు తీయండి, ఆగండి, బల్బుతో ఖాళీ చేయండి, మీటరుతో చూడండి, అప్పుడే చెయ్యి పెట్టండి. మీ దగ్గరికి పనికి వచ్చే కుర్రాడికి వైండింగు కన్నా ముందు ఇదే నేర్పండి.