కొత్త కుక్కపిల్ల: మూత్రం, కేజ్, తొలి రాత్రులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు రెండు మూడు నెలల కుక్కపిల్లల గురించే. అందుకని మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నాలుగో అంతస్తులో ఫ్లాట్. రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకుని పది రోజులైంది. హాల్లో, మంచాల కింద, ఒకసారి దేవుడి గది గుమ్మంలో కూడా మూత్రం పోసింది. మా వారు దాని ముక్కు ఆ తడిలో రాసి రెండు దెబ్బలు వేస్తున్నారు. అలా చేస్తేనే నేర్చుకుంటుందని ఎవరో చెప్పారట. కిందికి తీసుకెళ్తే ఏమీ చేయదు, పైకి రాగానే చేస్తుంది. రోజూ ఫినాయిల్‌తో తుడుస్తున్నా మళ్లీ అక్కడే పోస్తోంది. మా అత్తగారు తిరిగి ఇచ్చేయమంటున్నారు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముక్కు రాయడం, కొట్టడం ఈ రోజే ఆపించండమ్మా. మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే.

రెండు నెలల పిల్లకు మూత్రాశయం మీద పట్టు ఇంకా రాదు. పగలు రెండు గంటలు ఆపుకోగలిగితే గొప్ప. ఆటలో ఉంటే అరగంటకే వస్తుంది. నమ్మదగిన పట్టు ఐదారు నెలలకు గానీ రాదు, చిన్న జాతులకు ఇంకాస్త ఆలస్యమవుతుంది. చంటిపిల్ల పక్క తడిపితే ఎవరం కొట్టం కదా, ఇదీ అంతే. ఎప్పుడో పోసిన మూత్రం దగ్గరికి ఈడ్చుకెళ్లి కొడితే, ఆ దెబ్బ దేనికో దానికి అర్థం కాదు. ఈ మనిషి ముందు మూత్రం పోస్తే ప్రమాదం అన్నదొక్కటే దాని బుర్రకెక్కుతుంది. మీ పిల్ల కింద మీ ఎదుట పోయకుండా బిగబట్టి, పైకొచ్చాక మంచం కిందికి దూరి పోయడానికి ఇదే కారణమని నా అనుమానం.

‘తప్పు చేశానని దానికి తెలుసు, తల దించుకుంటుంది’ అని చాలామంది నాతో వాదిస్తారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించి చూశారు. యజమాని కోప్పడినప్పుడు కుక్కలు ఆ మొహం ఎక్కువగా పెట్టాయి. అవి నిజంగా తప్పు చేశాయా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం కనిపించలేదు. మనం పశ్చాత్తాపం అనుకునేది మన గొంతు విని కలిగిన బెదురు.

ఇక చేయాల్సింది. పిల్ల ఎప్పుడు పోస్తుందో ముందే చెప్పొచ్చు: నిద్ర లేవగానే, తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు, ఆట మధ్యలో, పడుకునే ముందు. ఈ వేళలు కాక, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. ఆ వేళకు మీరే దాన్ని ఎత్తుకుని చోటికి తీసుకెళ్లాలి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, పరుగెత్తండి.

టీకాలు పూర్తికాని పిల్లకు మీ బాల్కనీయే మంచి చోటు. ఒక మూలన అంచులున్న ట్రే పెట్టి, అందులో మట్టీ గడ్డీ వేయండి. లేదా పాత పేపర్లు పరవండి. మొదట్లో దాని మూత్రం అంటిన పేపరు ముక్క ఒకటి అక్కడే ఉంచితే చోటు గుర్తుపడుతుంది. పెద్దయ్యాక కిందికే వెళ్లాలనుకుంటే మట్టి, గడ్డి మేలు, ఆ మార్పు సులువవుతుంది. రోజూ ఒకే తలుపు గుండా, ఒకే చోటికి, ఒకే మాట చెప్పి తీసుకెళ్లండి. పోస్తున్నంతసేపు మాట్లాడకండి. పూర్తికాగానే, అక్కడే, ఒకటి రెండు క్షణాల్లో మెచ్చుకుని ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. లోపలికి వచ్చాక పెడితే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఇంకో సంగతి, పోసిన మరుక్షణమే ఆట ముగించి లోపలికి లాక్కురాకండి. పోస్తే సరదా అయిపోతుందని నేర్చుకున్న పిల్లలు కావాలనే జాప్యం చేస్తాయి.

ఇంట్లో పోస్తుండగా కళ్లబడితే, చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తుకుని ట్రేలో దించండి. పోసేశాక చూస్తే నోరెత్తకుండా తుడిచేయండి. ఫినాయిల్ మాత్రం మానేయండి. అది మన ముక్కుకు వాసన కప్పుతుందే తప్ప కుక్క ముక్కుకు కాదు, పైగా పిల్లలు నేలను నాకుతాయి, ఫినాయిల్‌లో ఉండే రసాయనాలు వాటికి విషం. అమోనియా కలిసిన క్లీనర్లూ వద్దు. ముందు పొడిగుడ్డతో పీల్చేసి, సబ్బునీళ్లతో కడిగి, పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వేయండి. మూత్రపు వాసనను విరగ్గొట్టేది అదే.

ఇంత చేసినా చుక్కలు చుక్కలుగా పోయడం, ముక్కడం, రక్తపు జీర, నిద్రలో కూడా కారుతూనే ఉండడం కనిపిస్తే అది శిక్షణ లోపం కాదు. ఆడ కుక్కపిల్లల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్ తరచుగా చూస్తాం. పుట్టినప్పటి నుంచీ ఆగకుండా కారుతుంటే మూత్రనాళాలు తప్పు చోట కలిసి ఉండొచ్చు. మూత్రం పరీక్ష చేయించండి. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, ఈ వేళలు పాటిస్తే నాలుగైదు వారాల్లో తేడా ఆమెకే కనిపిస్తుంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు చెబితే ఇనుప కేజ్ కొన్నాం. పిల్లను లోపల పెట్టి తలుపు వేయగానే గుక్కపట్టి అరుస్తోంది. రాత్రుళ్లు పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారు. ప్రాణమున్న జీవిని బోనులో పెట్టడం పాపమని మా అమ్మ గొడవ. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను కేజ్‌లో మూసి ఉంచడాన్ని చట్టమే ఒప్పుకోదు. అమెరికాలో అది మామూలు పద్ధతి. నా అభిప్రాయం ఇది: పిల్ల తనంతట తాను వెళ్లి పడుకునేలా అలవాటు చేస్తే కేజ్ ఎంతో ఉపయోగం. ఆసుపత్రిలో, ప్రయాణంలో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి ఆ అలవాటు అక్కరకొస్తుంది. మనకు అడ్డం రాకుండా గంటల తరబడి మూసిపెట్టడానికైతే మీ అమ్మగారి మాటే నిజం.

మీరు మొదటి రోజే తలుపు వేశారు, అరవక ఏం చేస్తుంది? ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి రండి. మనుషులు తిరిగే గదిలో పెట్టి, తలుపు తీసి కట్టేయండి. లోపల పాత దుప్పటి, దానికిష్టమైన బొమ్మ వేయండి. అన్నం గిన్నె మొదట గుమ్మం దగ్గర, తర్వాత మధ్యలో, ఆ తర్వాత వెనక గోడ దగ్గర పెట్టండి. తింటున్నప్పుడు తలుపు దగ్గరగా వేసి, తినడం కాగానే తీయండి. అరవకుండా ఉంటే నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట అలా పెంచండి. వారం పట్టినా, మూడు వారాలు పట్టినా తొందరపెట్టొద్దు. పిల్ల భయంతో అరుస్తుంటే ‘అరిచి అరిచి అదే ఊరుకుంటుంది’ అని వదిలేయమనే సలహా నేను ఇవ్వను. కొన్ని పిల్లలు చొంగ కార్చుకుని, ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటాయి. కోపమొచ్చినప్పుడు శిక్షగా అందులో తోయడమూ కూడదు.

కొలత కూడా ముఖ్యం. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉండాలి. మరీ పెద్దదైతే ఒక మూల పోసి ఇంకో మూల పడుకుంటుంది. పెద్ద కేజ్ కొనేసి ఉంటే మధ్యలో అడ్డు పెట్టి, పిల్ల ఎదిగేకొద్దీ జరపండి. పడుకునే చోటు తడుపుకోవడం కుక్కలకు ఇష్టముండదు, కేజ్ వల్ల మూత్రం అలవాటు తొందరగా కావడానికి కారణం ఇదే. కానీ దుకాణంలో ఇరుకు బోనులో, తన మలమూత్రాల్లోనే వారాలు గడిపిన పిల్లకు ఈ సహజగుణం చెదిరిపోతుంది. అలాంటిది కేజ్‌లోనే పోస్తుంటే, కేజ్ పక్కనపెట్టి చిన్న అడ్డుగేటుతో గదిలో కొంత మేర కేటాయించి, గంటకోసారి బయటికి తిప్పండి.

లోపల పెట్టేటప్పుడు మెడ పట్టీ తీసేయండి, ఊచలకు తగులుకుని ఉరి పడిన కేసులున్నాయి. నాలుగు నెలల లోపు పిల్లను పగలు రెండు మూడు గంటలకు మించి ఉంచకండి.

మన ఎండల సంగతి విదేశీ పుస్తకాల్లో ఉండదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి వేడి వదులుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కేజ్ చుట్టూ దుప్పటి కప్పి, కిటికీ పక్కన పెట్టి, కరెంటు పోయిన గదిలో వదిలి వెళ్తే ప్రాణం పోవచ్చు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు, హస్కీలకు ప్రమాదం మరీ ఎక్కువ. కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటి, నాలుక ఎర్రబారి, తూలుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

రాత్రి ఏడుపు వేరే విషయం. మొన్నటిదాకా తల్లి పొట్టకు ఆనుకుని పడుకున్న పిల్ల అది. కేజ్‌ను వంటగదిలో కాదు, మీ మంచం పక్కన పెట్టండి. చెయ్యి చాపితే అందేలా ఉంటే చాలావరకు సద్దుమణుగుతుంది. రాత్రి తిండి ఏడింటికల్లా ముగించి, పడుకునే ముందు ఒకసారి, రెండింటికి అలారం పెట్టుకుని ఇంకోసారి బయటికి తిప్పండి. అప్పుడు లైట్లు, ముద్దులు, ఆటలు వద్దు. పోయించి తెచ్చి పడుకోబెట్టడమే.

ప్రశ్న: మా డెబ్బై రోజుల పిల్ల ఆడుతూ మా ఐదేళ్ల బాబు చేతిని కొరికింది. కొద్దిగా రక్తం వచ్చింది. దానికింకా రేబిస్ టీకా వేయించలేదు. కుక్కపిల్లలకు రేబిస్ ఉండదని, పసుపు పెడితే చాలని పెద్దవాళ్లు అంటున్నారు. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ మాట నమ్మకండి. తల్లికి ఉన్నా, వీధిలో ఇంకో కుక్క కరిచినా, పిల్లకూ రేబిస్ వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. ఈ పత్రిక పక్కనపెట్టి బాబును ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా అక్కడ ఉచితం. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాల్సి ఉంటుంది, డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి. పిల్లను పది రోజులు కనిపెట్టి ఉండండి, మూడు నెలలు నిండగానే దానికి రేబిస్ టీకా వేయించండి.

కొరకడం దాని స్వభావ దోషం కాదు. 28 పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. నాలుగో నెల నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. అప్పటిదాకా చిగుళ్లు దురద. చల్లటి క్యారెట్, తడిపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన గుడ్డ, గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. చెయ్యి పట్టుకుంటే ఆట ఆపేసి, లేచి పక్కకు వెళ్లిపోండి. మూతి మీద కొడితే పట్టు ఇంకా గట్టిపడుతుంది. బాబునూ పిల్లనూ పెద్దవాళ్లు లేకుండా వదలొద్దు.

ప్రశ్న: టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దని ఒక డాక్టరు, ఇప్పటి నుంచే తిప్పమని ఇంకొకరు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తిప్పండి, కానీ చంకనెత్తుకుని. కుక్క మనసు లోకానికి తెరుచుకునే కాలం మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని 1965లో పరిశోధకులు స్కాట్, ఫుల్లర్ తమ పుస్తకంలో రాశారు. ఆ కాలమంతా నాలుగు గోడల మధ్య గడిపిన పిల్ల పెద్దయ్యాక ఆటోకు, గొడుగుకు, బురఖాకు, బాజాభజంత్రీలకు బెదిరి మొరుగుతుంది. మరోవైపు పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. వీధికుక్కలు తిరిగే చోట పిల్లను దించితే నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోవచ్చు. అందుకే ఎత్తుకుని బజారు చూపించండి, టీకాలు వేసిన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి. నేల మీద నడకలు మాత్రం చివరి డోసు తర్వాతే.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. ఇన్ని డోసులెందుకంటే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్ల పిల్లకూ తేడా. నులిపురుగుల మందు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి.

ప్రశ్న: పాలన్నం పెడితే నీళ్ల విరేచనాలు. బాల్కనీ దాకా కూడా ఆగడం లేదు. – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పాలు మానేయండి. తల్లిపాలు మరిచిన కుక్కలు చాలావాటికి ఆవు, గేదె పాలలోని చక్కెర అరగదు. పప్పీ ఫుడ్‌గానీ, ఉడికించిన చికెన్, అన్నం గానీ రోజుకు నాలుగుసార్లు, వేళ తప్పకుండా పెట్టండి. తిండి వేళకు ఉంటేనే విరేచనమూ వేళకు ఉంటుంది. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు వద్దు. వాంతులు, నీరసం, నెత్తురు ఉంటే ఒక్క పూట కూడా ఆగకండి.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగులం. తొమ్మిదింటికి వెళ్తే ఏడింటికి వస్తాం. ముప్పై ఐదు రోజుల బీగిల్ పిల్ల ఇస్తామంటున్నారు. కేజ్‌లో ఉంచి వెళ్లొచ్చా? – ఒక జంట, బెంగళూరు

జవాబు: వద్దు. మొదటిది, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడాన్ని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ఒప్పుకోవు. తోబుట్టువులతో ఆడుతూ, ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకునే వారాలవి. ముందే విడదీసిన పిల్లల్లో కొరకడం, బెదురు ఎక్కువ చూస్తాం. రెండోది, పది గంటలు ఏ పిల్లా ఆపుకోలేదు. మీ ఇంటికి రెండేళ్లు దాటిన, ఇల్లు అలవాటైన కుక్క సరిపోతుంది. మీ ఊరి జంతు సంరక్షణ కేంద్రాల్లో మనుషుల కోసం ఎదురుచూస్తున్న దేశవాళీ కుక్కలు ఎన్నో ఉన్నాయి. మధ్యాహ్నం ఒకసారి తిప్పే మనిషిని కుదుర్చుకుంటే చాలు. పిల్లే కావాలంటే, మీలో ఒకరు కనీసం రెండు నెలలు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు చేసుకున్నాకే తెచ్చుకోండి.