మండోరు

రాజస్థానమున, థార్ ఎడారి అంచున జోధ్‌పూర్ నగరము కలదు. దానికి ఉత్తరముగా సుమారు 9 కిలోమీటర్ల దూరమున మండోరు అను చిన్న పట్టణమున్నది. రావణుని భార్యయైన మండోదరి పుట్టినిల్లు ఇదియేనని అచ్చటి జనులు చెప్పుకొందురు.

ఒకప్పుడు మార్వాడ రాజ్యమునకు మండోరే రాజధాని. 1438లో మేవాడ సైన్యము దానిని ఆక్రమించెను. రావు జోధా పదునైదేండ్లు పోరాడి, 1453లో దానిని మరల గెలుచుకొనెను. అయినను ఒకమారు శత్రువుల చేజిక్కిన చోట కొలువుండుట క్షేమము కాదని తలంచి, 1459లో నిట్టనిలువు కొండపై మెహరాన్‌గఢ్ కోటకు పునాది వేసెను. ఆ కోట క్రింద జోధ్‌పూర్ వెలసెను. రాజధాని తరలిపోగా మండోరు చిన్నవోయెను.

కాని రాజవంశమువారు దానిని మరువలేదు. మరణించిన రాజులకు తరతరములుగా అచ్చటనే స్మారక మందిరములు నిర్మించిరి. ఎర్ర ఇసుకరాతితో గుడులవలె గోపురములెత్తి కట్టిన వీనిని అచ్చటివారు ‘దేవల్’ అందురు. మన దేవళము వంటి మాటయే. 1724లో మరణించిన మహారాజు అజిత్ సింగు మందిరము వానిలో మిక్కిలి గొప్పది.

నేడు ఆ మందిరముల చుట్టును పచ్చని తోట కలదు. ఎండకు అలసి వచ్చినవారు చెట్లనీడన సేదదీరుదురు. కొండముచ్చులు గోపురములపై గంతులిడుచుండును. బ్రదికినన్నాళ్లు కొత్త కోటలో ఏలిన రాజులకు, తుదకు తమ పూర్వుల పట్టణమే విశ్రాంతి స్థానమయ్యెను.